సున్నా మిగలని లెక్క

ఆయుధపూజ రోజు రాయదుర్గంలోని మా ఆఫీసులో సాంబ్రాణి పొగ ఏసీ గాలిలో కలిసి గదులన్నీ తిరుగుతుంది. ఆ వాసన తగిలితే చాలు, యాదగిరి సార్ మీద నాకు మళ్లీ ఒళ్లు మండుతుంది.

తొంభైల చివర, హైటెక్ సిటీ చుట్టూ ఇంకా బండరాళ్లే ఉన్న రోజుల్లో ఆయన నా మొదటి బాస్. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు తేదీలు తప్పుతాయని లోకమంతా హడలిపోతోంది. వాటిని సరిచేయడం మా పని. ఆయన మాత్రం ఉన్నవాటిలో మంచి కంప్యూటర్‌ను తన సొంత లెక్కకు అప్పగించారు. రెండును రెండుతో లక్షలసార్లు గుణించి ఒకటి తీసేస్తే వచ్చే సంఖ్య ప్రధాన సంఖ్యేనా, అంటే ఒకటీ తానూ తప్ప మరేదీ దాన్ని భాగించదా అన్నది ఆ లెక్క. ఒక్కొక్కదానితో భాగించి చూడాలంటే యుగాలు చాలవు. దానికో అడ్డదారి ఉంది. నాలుగుతో మొదలుపెట్టి, దాన్ని దానితోనే గుణించి, రెండు తీసేసి, ఆ పెద్ద సంఖ్యతో భాగించి శేషం పట్టుకోవాలి. ఆ శేషంతో మళ్లీ అదే పని. లక్షల మెట్ల తర్వాత చివర సున్నా మిగిలితే ప్రధాన సంఖ్య. ఆ లెక్క నెలల తరబడి సాగుతుంటే, నేను నత్తనడక పాత పెట్టె ముందు పళ్లు నూరుకుంటూ కూర్చునేదాన్ని.

లెక్క సగం దాటాక దసరా వచ్చింది. ఆయుధాలకు ఆ రోజు విశ్రాంతి అంటూ మా అకౌంటెంట్ గారు అన్ని కంప్యూటర్లూ ఉన్నపళాన ఆపేసి, బొట్లు పెట్టి, నిమ్మకాయలు పెట్టారు. సార్ వచ్చి చీకటి తెర వంక చూసి కుర్చీలో కూలబడ్డారు.

"అక్కడిదాకా చేసింది డిస్కులో భద్రంగానే ఉంది కదండీ?" అన్నాను.

"ఉన్నట్టే ఉంది. ఉన్నట్టుంటే చాలదమ్మా. నడుమ ఒక్క అంకె తప్పినా ఇగ పైవన్నీ అబద్ధమే. మొదటికెల్లి పెడ్త."

నిజంగానే మొదటి నుంచి పెట్టారు. మొండివాడు రాజుకంటే బలవంతుడని ఊరికే అనలేదు.

నా కాగితం విషయంలోనూ అదే మొండితనం. ఉద్యోగం ఖాయమైనట్టు ఉత్తరం చూపిస్తే తప్ప హైదరాబాదులో ఉండనివ్వనని నాన్న కాకినాడ నుంచి గడువు పెట్టారు. నేను రాసిన ప్రోగ్రామ్‌కు ఎన్ని తేదీలిచ్చినా తప్పు రాలేదు. అయినా సార్ ఆ ఉత్తరం మీద సంతకం చేయలేదు.

"తప్పు దొరకలేదన్నవు. తప్పు లేదని ఎట్ల తెలుసు?"

ఏడుపొచ్చింది. ఆ కోపంతోనే, ఆ ప్రోగ్రామ్ చూడాల్సిన ఏళ్లన్నింటిలోని ప్రతి తేదీనీ నడిపించాను. ఒక్క తప్పూ రాలేదు. "నేను ముందే చెప్పాను కదండీ" అన్నాను కసిగా.

"అప్పుడు చెప్పినవు. ఇప్పుడు తెలుసు," అని సంతకం పెట్టారు. నేను హైదరాబాదులోనే ఉండిపోయాను.

ఎండాకాలంలో ఆయన లెక్క ముగిసింది. సున్నా మిగలలేదు. ప్రధాన సంఖ్య కాదు. దేనితో భాగించబడుతుందో కూడా ఆ పద్ధతి చెప్పదట. ఆయన మాత్రం అందరికీ ఉస్మానియా బిస్కెట్లు పంచారు.

"ఇంత పరేషాన్ అయింది దీనికోసమా సార్?" అన్నాడు పక్క సీటు అబ్బాయి.

"కాదని తెలిసింది కద," అన్నారు సార్, చాయ్‌లో బిస్కెట్ ముంచుకుంటూ.

ఇప్పుడు పూజపళ్లెం మా గదికి వస్తే, "ఏదీ ఆపకండి, ఎవరి లెక్కయినా నడుస్తోందేమో అడగండి" అంటాను. నా దగ్గర పనిచేసే పిల్లలు "అంతా బాగానే ఉంది మేడమ్" అని ఫైలు పెడితే, "తెలుసా, అనుకుంటున్నారా?" అని వెనక్కి పంపుతాను. వాళ్లు పళ్లు నూరుకుంటూ వెళ్లడం నాకు వినిపిస్తూనే ఉంటుంది.