తిట్టనిదే సమ్మెట లేవదు

ముందుగా తిట్టకుండా ఎల్లప్ప ఏ గోడమీదా సమ్మెట ఎత్తడు. తిట్టేది గోడనే, తగిలేది మాత్రం ఇంటివాళ్ళకు.

పూతలపట్టులో రోడ్డు వెడల్పు చేస్తున్నారు. తిరుపతికి పోయే కార్లు ఇంకా జోరుగా పోవాలి కాబట్టి, ఇక్కడివాళ్ళు సగం ఇళ్ళతో సర్దుకోవాలి. రోడ్డువాళ్ళు ఇళ్ళమీద గీసిన ఎర్రగీతకు ఇవతలిది పోయి అవతలిది నిలవాలంటే జేసీబీ పనికిరాదు, మొత్తం లాగేస్తుంది. రెండు చేతులా పట్టి భుజం మీదుగా తిప్పే సమ్మెటే కావాలి. అందుకని కాంట్రాక్టరు ఎల్లప్పను పెట్టుకున్నాడు.

ఎల్లప్ప జయరావు మాస్టారి ఇంటిముందు నిలబడి, "ఇది గోడా సార్? కట్టినోడు కల్లు తాగి కట్టినాడు. వంకర సూడండి!" అన్నాడు. కళ్ళు తుడుచుకుంటున్న మాస్టారు చివాలున లోపలికి పోయి, మేస్త్రీల తూకంగుండు తెచ్చి గోడకు వేలాడదీశాడు.

"సూడప్పా, యాడుండాది వంకర?"

"లేదులే సార్. పక్కకు జరగండి," అని ఒక్కటేశాడు ఎల్లప్ప.

అన్వరీ బేగం మాత్రం క్షమించలేదు. ఆమె ముందుగది గోడ, పోయిన భర్త ఖలందర్ సొంత చేతులతో కట్టింది. దాన్ని పట్టుకుని "సున్నం కొట్టిన పేడకుప్ప" అన్నాడా పాపిష్ఠివాడు! చీపురెత్తి వీధి చివరిదాకా తరిమింది. తిరిగొచ్చేసరికి అతని జతగాళ్ళు పని కానిచ్చేశారు.

"నీ ఇంటికీ గీత పడాల!" అని శపించింది.

పడింది. అన్వరీ బేగం బుర్ఖా సర్దుకుని, ఆ వేడుక చూడ్డానికే వెళ్ళింది.

ఎల్లప్ప తన గోడముందు సమ్మెట ఆనించుకుని ఊరికే నిలబడి ఉన్నాడు. అతని భార్య తాయమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది.

"పొద్దున్నుంచీ అట్లే ఉండాడు బూబమ్మా. సొంత గోడను తిట్టేదానికి నోరు రాలేదంట. జతగాళ్ళను గూడా ముట్టనీడు. కాంట్రాక్టరేమో జేసీబీని పిలస్తానన్నాడు. అదొస్తే ఎనక గదీ పోతాది."

"తిట్టకుండా కొట్టలేడా?"

"ఏడ్చేవాళ్ళ ముందర ఆయనకు చెయ్యి లేయదమ్మా. కోపం తెప్పిస్తే ఏడుపు మరిచిపోతారని తిడతాడు."

అన్వరీ బేగానికి అప్పుడు తట్టింది. ఖలందర్ గోడ కూలిన రోజు తన కంట చుక్క రాలేదు. చీపురు తిప్పడంతోనే సరిపోయింది. తనను ఇంతగా మోసం చేశాడా అని ఒళ్ళు మండింది.

పోయి ఆ గోడను అరచేత్తో తట్టింది.

"థూ! ఇదా నీ ఇల్లు? మా బర్రెను ఈడ కట్టేస్తే తాడు తెంపుకోని పోతాది!"

ఎల్లప్ప తలెత్తాడు. "ఏమంటివి?"

"బర్రె కాదప్పా, దోమ గూడా కాపురముండదు!"

"పెద్దదానివని ఊరకుండాను! జరుగు పక్కకు!"

సమ్మెట లేచింది. ఎల్లప్ప అరుస్తూనే కొట్టాడు, కొడుతూనే అరిచాడు. గీతకు అవతల ఒక్క ఇటుక కదల్లేదు.

సాయంత్రం, మిగిలిన ఆ గదిలోనే తాయమ్మ టీ ఇచ్చింది.

"పేడనీళ్ళ మాదిరి ఉండాది," అంటూ అన్వరీ బేగం రెండో గ్లాసు అందుకుంది.