బెర్నడీన్ చూపించిన ఇళ్లు

బెర్నడీన్ హూడాక్ మా వ్యానులో ఎప్పుడూ ముందు సీట్లోనే కూర్చునేది. దారి పొడుగునా ఏదో ఒకటి చెబుతూనే ఉండేది. కొండ మలుపు తిరిగి బడి గేటు కనబడగానే మాత్రం నోరు మూతపడేది. వ్యాను తోలేది నేనే కాబట్టి ఆ మార్పు రోజూ చూసేవాణ్ణి.

బడి అని పేరే గాని అక్కడ చదువు చెప్పింది లేదు. మా పెన్సిల్వేనియా బొగ్గు గనుల ఊళ్లలో మాటలు ఆలస్యమైన పిల్లల్నీ, బుద్ధి ఎదగలేదని డాక్టర్లు తేల్చిన పిల్లల్నీ తీసుకెళ్లి అక్కడ వదిలేసి వచ్చేవారు. ప్రభుత్వమే కట్టింది, ప్రభుత్వమే నడిపింది. బెర్నడీన్‌కి ఏడేళ్లప్పుడు వాళ్ల నాన్న చర్చి గౌను తొడిగి తీసుకెళ్లాడు. "ఆదివారం వస్తానే తల్లీ" అన్నాడు. ఆ చలికాలమే గనిలో పైకప్పు కూలి చనిపోయాడు. తల్లి కొన్నాళ్లు వచ్చిపోతూ ఉండి, మారు మనువు చేసుకుని ఎటో వెళ్లిపోయింది. బెర్నడీన్ ఆ గేటు లోపలే పెరిగి పెద్దదైంది.

ముప్పై దాటాక ఆమెను బయటికి తెచ్చి, ఊళ్లో ఇంకో ఇద్దరు ఆడవాళ్లతో కలిపి ఒక చిన్న ఇంట్లో పెట్టారు. సాయానికి ఒక మనిషి ఉండేది. మొదటి రోజే ఆ మనిషి "నీ గదికి ఏ రంగు కర్టెన్లు కావాలి?" అని అడిగితే బెర్నడీన్ బిత్తరపోయి గోడకి ఆనుకుని నిలబడింది. బడిలో అలాంటి ప్రశ్న వెనక తప్పకుండా ఒక దెబ్బ ఉండేది. "మీ ఇష్టం" అంది. తిండి, బట్ట, పండగ, ఏది అడిగినా అదే జవాబు. ఏడాది గడిచాక ఒక పొద్దున జావ గిన్నె పక్కకి తోసేసింది.

"నాకిది వద్దు. చిన్నప్పట్నుంచీ పడదు."

"మరి ఇన్నాళ్లూ ఎందుకు తిన్నావే?"

"మీరు పెట్టారు కదా."

ఈ కథ ఆమె ఎవరికైనా నవ్వుతూనే చెప్పేది. విన్నవాళ్లు కూడా నవ్వేవారు. నాకు మాత్రం ఎందుకో నవ్వు వచ్చేది కాదు.

తొంభైల చివర్లో బడిని మూసేయాలని రాష్ట్రం నిర్ణయించింది. లోపల మిగిలినవాళ్లందరికీ ఊళ్లలో ఇళ్లు చూపించి, ఎవరికి నచ్చిన చోట వాళ్లని ఉంచాలి. ఆ పని మా జిల్లా ఆఫీసులో మార్జ్ యోస్ట్ అనే ఆవిడ మీద పడింది. ఆవిడ బెర్నడీన్ ఇంటికి వచ్చి, "నేను అడిగితే సర్కారు అడిగినట్టు ఉంటుంది, బెర్నీ. భయపడి తల ఊపుతారు. నువ్వు పక్కన కూర్చో. జీతం ఇస్తాం" అంది.

"ఆ గేటు లోపలికా?"

"ఆ గేటు లోపలికే."

బెర్నడీన్ "సాయంత్రం మళ్లీ బయటికి తెస్తానంటే వస్తా" అంది. అప్పట్నుంచి వాళ్లిద్దర్నీ తీసుకెళ్లి తీసుకురావడం నా పని.

లెన్ నొవోత్నీ మాకు ఆ రోజుల్లోనే పరిచయమయ్యాడు. అరవైకి దగ్గర పడిన మనిషి. పెద్ద చేతులు, వంగిన భుజాలు. బడి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టేవాడు. మాట చాలా తక్కువ. కొండ మీద కట్టిన కొత్త ఇల్లు చూపించారు. "నచ్చిందా లెన్?" అంటే "సరే" అన్నాడు. ఏటి ఒడ్డున పాత ఇల్లు చూపించారు. అక్కడా "సరే" అన్నాడు. హైవే పక్కన, లారీల మోతకి కిటికీలు ఊగే మూడో ఇంటిక్కూడా "సరే" అన్నాడు.

తిరుగు దారిలో మార్జ్ సంతోషపడింది. "ఎంత నెమ్మదస్తుడో! మూడూ ఒప్పుకున్నాడు."

"ఒప్పుకోలేదు. తప్పించుకున్నాడు" అంది బెర్నడీన్. "మళ్లీ తీసుకెళ్దాం. ఈసారి అడగొద్దు. భోజనం పెట్టి ఊరుకుందాం."

మళ్లీ తీసుకెళ్లాం. ఏటి ఒడ్డు ఇంట్లో ఆ రోజు సూపు, వెన్న రాసిన బన్నులు పెట్టారు. లెన్ ఒక బన్ను తిని, ఇంకొకటి కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

"ఇక్కడే తిను లెన్, ఎవరూ లాక్కోరు" అంది బెర్నడీన్.

"నాక్కాదు."

"మరెవరికి?"

"ఆగ్నెస్‌కి."

ఆ పేరు మేం అంతకుముందు వినలేదు. ఆగ్నెస్ టియర్నీ ఆడవాళ్ల భవనంలో ఉండేది. చక్రాల కుర్చీలోనే బతుకు. మాట రాదు. ఇష్టమైంది కనబడితే గొంతులోంచి కిలకిలమని ఒక నవ్వు వచ్చేది. ఇరవై ఏళ్లకు పైగా లెన్ రోజూ ఆ కుర్చీ తోసుకుంటూ ఆమెని భోజనాల హాలుకి తీసుకెళ్లేవాడట. అన్నీ చిన్న చిన్న ముక్కలు చేసి తినిపించి, మూతి తుడిచి, మళ్లీ తోసుకెళ్లేవాడట. అది అతని ఉద్యోగం కాదు. ఎవరూ చెప్పలేదు, ఎవరూ వద్దనలేదు.

మార్జ్ నుదురు కొట్టుకుంది. "ఎక్కడ ఉంటావని అడిగాం గాని, ఎవరితో ఉంటావని అడగనే లేదు."

చిక్కు ఏమిటంటే ఆగ్నెస్‌ది ఉత్తరాన వేరే జిల్లా. ఆమె ఖర్చు ఆ జిల్లాది, ఆమె ఇల్లూ అక్కడే చూశారు. సంరక్షకుడిగా కోర్టు పెట్టిన మనిషి ఒక పినతండ్రి కొడుకు. ఆమె ముఖం కూడా ఎరగడు. ఇక లెన్ తరఫున సంతకం పెట్టాల్సింది అతని అక్క రోజలీ. ఇద్దర్నీ ఏటి ఒడ్డు ఇంట్లో కలిపి ఉంచేందుకు ఆవిడని ఒప్పించడానికి బెర్నడీన్ వెళ్లింది. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను.

"అరవై ఏళ్లొచ్చాక వీడికి ప్రేమ వ్యవహారాలా? జనం నవ్విపోతారు" అంది రోజలీ.

"జనం మమ్మల్ని చూసి ఎప్పట్నుంచో నవ్వుతూనే ఉన్నారమ్మా. కొత్తగా పోయేదేముంది?"

"నీకేం, ఎన్నైనా చెప్తావు. ఇంటి ముందు రోడ్డు, వెనకాల ఏరు. వాడు బడిలోనే భద్రంగా ఉంటాడని మా అమ్మకి పోయేముందు మాటిచ్చాను."

"ఒక్కసారి మధ్యాహ్నం భోజనం వేళకి బడికి రండి. చూశాక కూడా వద్దంటే నేను మళ్లీ మీ గడప తొక్కను."

రోజలీ వచ్చింది. హాలు తలుపు దగ్గర కోటు కూడా విప్పకుండా నిలబడి చూసింది. తమ్ముడు చెంచాలో ఆలుగడ్డ ముద్ద ఊదుతున్నాడు, చల్లారిందో లేదో తన పెదవికి ఆనించి చూస్తున్నాడు. ఆగ్నెస్ నోరు తెరిచి నవ్వుతోంది. తర్వాత ఆవిడ వచ్చి వ్యాను ఎక్కింది.

"అమ్మ మంచాన పడ్డప్పుడు నేనింత ఓపిగ్గా పెట్టలేదు" అంది. మర్నాడే సంతకం పెట్టింది.

అటువైపు మాత్రం ఏదీ కదల్లేదు. మార్జ్ ఫోన్లు చేసింది, పై అధికారుల దగ్గరికి వెళ్లింది. ఉత్తర జిల్లావాళ్లు "ఆలోచిస్తున్నాం" అంటూనే, ఒక పొద్దున అంబులెన్సు పంపించి ఆగ్నెస్‌ని తీసుకెళ్లిపోయారు. ఇటు ఎవరికీ కబురు లేదు. లెన్ ఎప్పటిలా వెళ్లేసరికి ఆమె మంచం మీద పరుపు మడిచి ఉంది. మేం చేరేటప్పటికి అతను ఆ మంచం పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు. లేపబోయిన నర్సు చెయ్యి విదిలించేశాడు. బెర్నడీన్ కూడా వెళ్లి పక్కనే కింద కూర్చుంది.

"వస్తుందా?" అన్నాడు లెన్.

"వస్తుందని చెప్పను లెన్. అలా చెప్పినవాళ్లని నేనూ చూశాను. అడగడం మాత్రం మానను."

అతను తిండి మానేశాడు. బలవంతం మీద కాస్త తినేవాడు. బట్టలు వదులైపోయాయి. ఇళ్ల సంగతి మళ్లీ ఎత్తితే, "ఆగ్నెస్ ఉన్న ఇల్లు" అన్నాడు. అలాంటి ఇల్లు మా దగ్గర లేదు. చివరికి బెర్నడీన్ ఏటి ఒడ్డు ఇల్లే ఎంచుకోమంది. కింద ఒక వెడల్పాటి గది ఉంది, గుమ్మానికి వాలు బల్ల వేస్తే కుర్చీ నేరుగా లోపలికి వస్తుంది. లెన్ ఆ గదిలోకి వెళ్లి, తలుపు వెడల్పు రెండు చేతులు చాచి చూసుకున్నాడు. తన సామాను మాత్రం మేడ మీద చిన్న గదిలో పెట్టించుకున్నాడు.

నెలకోసారి అతన్ని ఉత్తరానికి తీసుకెళ్లాలని ఒప్పందం. కొన్ని నెలలు సాయం మనుషులు దొరక్క, కొన్ని నెలలు మంచు వల్ల, ఆ ప్రయాణాలు సగం ఆగిపోయేవి. రెండో చలికాలం వెళ్లాక రెండు జిల్లాలూ ఒక మాట మీదికి వచ్చాయి. ఈస్టర్‌కి ముందు ఉపవాసాల రోజుల్లో ఆగ్నెస్‌ని తెచ్చి ఆ కింది గదిలో దింపారు.

మనిషి సగమైపోయింది. మింగడం కష్టమైందని ఆ చలికాలంలోనే అక్కడి డాక్టర్లు పొట్టలోకి గొట్టం వేశారు. నోటితో ఏమీ పెట్టకూడదని రాసి పంపారు. ఆ సంగతి లెన్‌కి ఎవరూ చెప్పలేదు. అతను పొద్దున్నే ఆలుగడ్డలు ఉడికించమని వంటమనిషి వెంటపడి, మెత్తగా చేయించుకుని గిన్నె, చెంచా తెచ్చాడు. నర్సు అడ్డుపడింది.

"వద్దు నాయనా. ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చచ్చిపోతుంది."

అతను చెంచా పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఆగ్నెస్ అతన్ని చూసి నవ్వబోయింది గాని గొంతులోంచి గాలే వచ్చింది. బెర్నడీన్ నర్సు వైపు తిరిగింది.

"వద్దన్నవి చెప్పారు. ఇతను చేయగలిగేవి కూడా చెప్పండి."

తడి దూదితో పెదవులు తుడవచ్చంది నర్సు. తల దువ్వొచ్చు, చేతులకి నూనె రాయొచ్చు, ఎండగా ఉంటే వరండాలోకి తోసుకెళ్లొచ్చు. లెన్ అవన్నీ చేశాడు. ఆకులు రాలే కాలం దాకా చేశాడు. అక్టోబరులో ఆమెకి జ్వరం వచ్చింది, ఆసుపత్రికి తీసుకెళ్లారు, మళ్లీ ఇంటికి రాలేదు.

చర్చిలో ఆమె అంత్యక్రియలప్పుడు ఆ పినతండ్రి కొడుకు నల్ల సూటు వేసుకుని మొదటి వరసలో కూర్చున్నాడు. లెన్‌ని వెనకెక్కడో కూర్చోబెట్టారు. బెర్నడీన్ లేచి అతని చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ ముందుకి తీసుకెళ్లి, "కాస్త జరుగు బాబూ" అంది ఆ పెద్దమనిషితో. అతను కంగారుగా జరిగాడు.

నెల తిరక్కుండా కింది గదిలోకి ఇంకో మనిషిని తెచ్చారు. బెర్నడీన్ మార్జ్ మీద విరుచుకుపడింది.

"అక్కడికి ఎవరు రావాలో లెన్‌ని అడిగారా?"

"గది ఖాళీగా ఎలా ఉంచను, బెర్నీ? బడిలో ఇంకా జనం ఉన్నారు. నువ్వే చెప్పు, ఎవర్ని ఆపమంటావు?"

ఆ సాయంత్రం వ్యానులో గేటు దాటాక కూడా బెర్నడీన్ నోరు తెరవలేదు. పని మాత్రం మానలేదు. ఆఖరి మనిషి బయటికొచ్చి బడికి తాళం పడేదాకా చేసింది. తర్వాత ఆ ఉద్యోగమూ లేదు. మోకాళ్లు అరిగిపోయాయి. ఆదివారాలు మాత్రం నన్ను పిలిచి ఏటి ఒడ్డు ఇంటికి తీసుకెళ్లమనేది.

ఒక ఆదివారం రోజలీ కూడా వచ్చింది, క్యాబేజీ ఆకుల్లో మాంసం చుట్టి వండుకుని. అందరం తిన్నాం. గిన్నెలు సర్దుతూ ఆవిడ బెర్నడీన్ చెవిలో అడిగింది.

"వాడికి ఆమె గుర్తుందంటావా?"

"నన్నెందుకు అడుగుతారు? ఎదురుగానే కూర్చున్నాడుగా."

రోజలీ తమ్ముడి వైపు తిరిగి అడిగింది. లెన్ లేచి, కంచం కడిగి బోర్లించి, వరండాలోకి వెళ్లి, ఎండ రోజుల్లో ఆగ్నెస్ కుర్చీ ఆపే చోటు పక్కనే మెట్ల మీద కూర్చున్నాడు. రోజలీ కోటు వేసుకుని తనూ వెళ్లింది. ఏటి మీద మంచు పొర కట్టడం మొదలైంది. అక్కాతమ్ముళ్లు చీకటి పడేదాకా అక్కడే కూర్చున్నారు. బెర్నడీన్ కిటికీ దగ్గర నిలబడి వాళ్లని చూస్తూ, "ఇంకాసేపు ఆగుదాం" అంది నాతో.