రిహార్సల్రావు ఇల్లు మారిన పదిహేను రోజులు

రిహార్సల్రావు తన జన్మలో ఏ పనీ మొదటిసారి చెయ్యలేదు. ఆయన ఏం చేసినా అది రెండోసారే. మొదటిసారి చేసింది పని కాదు, రిహార్సలు. పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాలంటే ముందురోజే ఇంట్లో కుర్చీ వెనక్కి వాల్చుకుని అరగంటసేపు నోరు తెరుచుకు కూర్చునేవాడు. భార్య టార్చిలైటు పట్టుకుని నోట్లోకి చూస్తూ నిలబడాలి. నోరు ముయ్యకుండానే "ఆఁ?" అని అడిగేవాడు. "పళ్ళేనండీ, ఇంకేముంటాయి?" అనేది ఆమె.

కూతురు పుట్టేముందు మూడుసార్లు భార్యని ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళి, గుమ్మం తాకి, ఎంతసేపు పట్టిందో రాసుకుని వెనక్కి తీసుకొచ్చాడు. నాలుగోసారి నిజంగానే నొప్పులొచ్చి వెళితే, గుమ్మంలో ఆయా చేతులు కట్టుకుని నిలబడింది. "టైము రాసుకుని వెళ్ళిపోండి బాబూ, ఇవాళ లోపల రద్దీగా ఉంది" అంది. ఈయన అలవాటు కొద్దీ గడియారం చూసి "పదకొండు నిమిషాలు" అని రాసుకున్నాడు కూడా. భార్య పెట్టిన కేకకి ఆయా, ఆటోవాడు, ఈయన ముగ్గురూ ఒకేసారి లోపలికి పరిగెత్తారు.

ఆయనకొక అసలు పేరు ఉండేదనీ, అది ఫ్యాక్టరీ హాజరుపట్టీలో కనిపిస్తుందనీ అంటారు. వీధిలో ఆ పేరు ఎవరికీ తెలియదు.

ఉద్యోగం కూడా ఆయనకు తగ్గదే దొరికింది. కాటాలు తయారుచేసే ఫ్యాక్టరీలో చివరి బల్ల ఆయనది. తయారై వచ్చిన ప్రతి కాటా మీదా తూకం రాళ్ళు పెట్టి, అది నిజం చెబుతోందో లేదో చూసి ముద్ర వెయ్యాలి. మిగిలినవాళ్ళు రాయిని పళ్ళెం నడిమధ్యన ఒకసారి పెట్టి ముద్ర కొట్టేసేవారు. ఈయన నాలుగు మూలలా పెట్టి చూసేవాడు. "నడిమధ్య పెడితే ఏ కాటా అయినా నిజమే చెబుతుందయ్యా" అనేవాడు. ఆయన బల్ల దగ్గర పని ఎప్పుడూ వెనకబడి ఉండేది. ఆయన ముద్ర వేసిన కాటా ఒక్కటి కూడా వెనక్కి రాలేదు.

ఆ వానాకాలంలో ఫ్యాక్టరీ గేటుకి ఒక కాగితం అంటించారు. ఫ్యాక్టరీ మొత్తం వేరే రాష్ట్రానికి వెళ్ళిపోతోంది. వచ్చేవాళ్ళకి అక్కడ క్వార్టర్సు ఇస్తారు. రానివాళ్ళు ఇంటికి పోవచ్చు. నెలాఖరులోగా ఏ సంగతో చెప్పాలి. రిహార్సల్రావుని మేనేజరు ప్రత్యేకంగా పిలిచి, వస్తే హెడ్ ఇన్‌స్పెక్టర్ పోస్టు ఇస్తామన్నాడు. ఇరవై రెండేళ్ళు చివరి బల్ల దగ్గర కూర్చున్న మనిషికి ఆ మాట తలకెక్కడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ వాన తెరిపివ్వలేదు. వీధిలో అప్పటికే మూడిళ్ళకి తాళాలు పడ్డాయి. ఖాళీ అయిన ఇంటిముందు ఎవరో వదిలేసిపోయిన కుర్చీ ఒకటి తడుస్తూ ఉండేది.

"ఏం చేద్దామంటారు?" అని అడిగింది భార్య.

"చూద్దాం."

"చూడ్డానికేముంది? వెళ్ళాలి, లేకపోతే మానాలి."

"ఒకసారి చేసి చూడకుండా ఎలా తెలుస్తుందే?"

పదో తరగతి చదువుతున్న కూతురు పుస్తకం మూసేసి, పక్కనున్న అమ్మమ్మ వైపు తిరిగి, "అయిపోయాం అమ్మమ్మా" అంది.

మర్నాడు పొద్దున్నే పదిహేను రోజుల రిహార్సలు మొదలైంది. కొత్త క్వార్టర్సుకి రెండే గదులు. వీళ్ళింటికి మూడు. అందుకని వెనక గదికి తాళం పడింది. ముందుగది కూడా పెద్దదైపోయిందని మేనేజరిచ్చిన నక్షా పట్టుకుని నేల మీద సుద్దముక్కతో గీత గీశాడు. ఆ గీత గోడ. అందులో రెండడుగుల ఖాళీ వదిలాడు. అది గుమ్మం. ఎవరైనా గుమ్మంలోంచే రావాలి.

అత్తగారు మంచినీళ్ళ గ్లాసుతో గీత మీదుగా తిన్నగా నడిచి వచ్చింది.

"అత్తయ్యగారూ! గోడలోంచి వచ్చేశారు!"

"వచ్చేశానా? కొత్త గోడ కదా అల్లుడుగారూ, ఇంకా ఆరినట్టు లేదు."

ఆవిడ అయిదేళ్ళుగా కూతురి దగ్గరే ఉంటోంది. అల్లుణ్ణి ఏనాడూ 'మీరు' అని తప్ప పిలవలేదు. ఆ గౌరవం చాటున ఎన్నెన్ని తిట్టేదో లెక్కలేదు.

రెండో నియమం మరీ దారుణం. అక్కడ మన భాష ఎవరికీ రాదు గనక, గడప దాటితే సైగలే. ఎదురుగా ఉన్న కిరాణా షాపతనికి ముందే చెప్పి పెట్టాడు. మా వాళ్ళెవరొచ్చినా నువ్వు ఎరగవు, వాళ్ళ భాష నీకు తెలీదు అని. షాపతనికి సొంత వేషం దొరికినట్టయింది. భార్య సబ్బు కోసం వెళ్ళి అరచేతులు రుద్ది చూపిస్తే జిగురుసీసా తెచ్చాడు. మొహం రుద్ది చూపిస్తే అద్దం తెచ్చాడు. వీపు రుద్ది చూపిస్తే చాంతాడు తెచ్చాడు.

"అన్నయ్యా, చాలించు! సబ్బు!"

అతను ఆకాశం వంక చూశాడు. ఆమె విసుగొచ్చి తనే తీసుకుందామని లోపలికి అడుగు పెట్టింది.

"కొత్తవాళ్ళు లోపలికి రాకూడదమ్మా!"

"నీకు భాష రాదన్నావుగా?"

"రాదు" అన్నాడతను.

ఇలాంటివి రెండు రోజులు నవ్వు తెప్పించాయి. మూడో రోజుకి నవ్వూ పోయింది.

ఎందుకంటే మూడో నియమం ఒకటుంది. కొత్త చోట మనకెవరూ తెలీదు కాబట్టి వీధిలో ఎవరితోనూ మాట్లాడకూడదు. భార్య పొద్దున్నుంచీ కళ్ళద్దాల షాపులో పనిచేస్తుంది. అద్దాన్ని ఫ్రేముకి సరిపడేలా చక్రం మీద అరగదీయడం ఆమె పని. పదకొండేళ్ళుగా అక్కడే. కూతురికి బడి ఉంది. ఎటొచ్చీ ఇబ్బంది అత్తగారికే. ఆవిడ రోజూ మధ్యాహ్నం రెండింటికి ఎదురింటి దర్జీ ఆవిడ గుమ్మంలో కూర్చుని, అయిదింటిదాకా ఆవిడ కుట్టిన జాకెట్లకి హుక్కులు కుడుతూ ఊళ్ళో కబుర్లన్నీ చక్కబెట్టేది. ఇప్పుడు ఆ గుమ్మం మూతపడింది.

ఆరో రోజున భార్య తడుస్తూ ముందుగానే ఇంటికొచ్చింది. లోపల్నుంచి మాటలు వినబడి తలుపు దగ్గర ఆగిపోయింది. తల్లి కిటికీ పక్కన కుర్చీలో ఉంది. రేడియోలో ఎవరో వాతావరణం చెబుతున్నారు.

"రేపు ఓ మోస్తరు నుంచి భారీ వర్షాలు కురిసే అవకాశం ఉంది."

"అలా అంటే ఎలా నాయనా? మా ఇంట్లో బట్టలు మూడు రోజుల్నుంచీ ఆరడంలేదు" అంటోంది ఆవిడ. "నీకు పెళ్ళయిందా?"

రోడ్డుకి అవతల దర్జీ ఆవిడ మిషను ఆపి ఇటే చూస్తోంది. చెయ్యి సగందాకా ఎత్తి, రిహార్సలు గుర్తొచ్చి దించేసింది.

ఆ సాయంత్రం భార్య మొగుడి మీద విరుచుకుపడింది. "ఈ నాటకం ఆపుతారా, ఆపరా? మా అమ్మ రేడియోతో మాట్లాడుతోంది."

ఆయన జేబులోంచి కాగితం తీశాడు. "ఎన్నింటికి?"

"ఏమిటి ఎన్నింటికి?"

"మాట్లాడింది."

"మూడున్నరకి!"

"ఆరో రోజు, మూడున్నర, రేడియోతో" అని రాసుకున్నాడు. "ఇంకా తొమ్మిది రోజులుంది."

"తూకం రాళ్ళ మధ్య ఉండి ఉండి మీరూ రాయైపోయారు!" అని ఆమె వంటింట్లోకి వెళ్ళిపోయింది. అంత కోపంలోనూ గుమ్మంలోంచే వెళ్ళినందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది.

ఆయన వెళ్ళాలనే నిశ్చయించుకున్నాడని ఆమెకి అర్థమైపోయింది. పాత పేపరు అంచుల మీద సంతకం కింద 'హెడ్ ఇన్‌స్పెక్టర్' అని రాసి చూసుకోవడం రెండుసార్లు ఆమె కంటపడింది. మూడోసారి రాసేటప్పుడు అక్షరాలు కాస్త వాల్చి, తల పక్కకి పెట్టి చాలాసేపు చూసుకున్నాడు. అలాంటి చూపు తన పెళ్ళిలో తన వంక కూడా చూడలేదనుకుంది.

పదిహేను రోజులూ అయ్యాక ఫ్యాక్టరీవాళ్ళు, వచ్చే ఉద్దేశమున్నవాళ్ళందరినీ కొత్త చోటు చూపించడానికి నాలుగు రోజులు తీసుకెళ్ళారు. ఆయనా వెళ్ళాడు. ఆ నాలుగు రోజుల్లో ఆమె కూడా ఒక నిర్ణయానికి వచ్చింది. 'మీరు వెళ్ళండి. నేనూ అమ్మా పాపా ఇక్కడే ఉంటాం.' ఆ మాట గోడవైపు తిరిగి నాలుగుసార్లు అని చూసుకుంది. తను చేస్తున్నదేమిటో నాలుగోసారికి తెలిసొచ్చి సిగ్గుపడింది.

ఆయన తిరిగొచ్చాడు. చొక్కా విప్పి చిలక్కొయ్యకి తగిలించి, సుద్దగీత పక్కన కూలబడ్డాడు.

మర్నాడు, ఆయనతోపాటే వెళ్ళొచ్చిన, ఫ్యాక్టరీలో ప్యాకింగు చేసే ఆయన కళ్ళద్దాల షాపుకి వచ్చాడు. కొత్త చోటుకి కొత్త అద్దాలతో వెళ్ళాలని ఆయన సరదా.

"మా ఆయన ఫ్యాక్టరీ చూసి ఏమన్నారు అన్నయ్యా?" అని అడిగింది ఆమె, చక్రం తిప్పుతూనే.

"ఫ్యాక్టరీయా? నాలుగు రోజుల్లో అటువైపు మొహం కూడా పెట్టలేదమ్మా."

"మరెక్కడికెళ్ళారు?"

"మొదటిరోజు కళ్ళద్దాల షాపులన్నీ తిరిగాడు. చేత్తో ఇలా చక్రం తిప్పి చూపిస్తూ పని అడిగాడు. వాళ్ళకేం అర్థమైందో, కుర్చీలో కూర్చోబెట్టి కళ్ళు పరీక్ష చేశారు. అయిదు షాపుల్లో అయిదు చీటీలు. రెండోరోజు బడి ముందు నిలబడ్డాడు. పాఠాలు ఏ భాషలో చెబుతున్నారో కిటికీలోంచి వింటున్నాడట. వాచ్‌మన్ కాలరు పట్టుకున్నాడు. నేను పరిగెత్తేసరికి ఈయన వాడికి 'ఇవాళ నేను మా అమ్మాయినయ్యా' అని చెబుతున్నాడు, తెలుగులో. వాడికి తెలుగు రాదు కాబట్టి బతికిపోయాడు."

చక్రం తిరుగుతూనే ఉంది.

"మూడోరోజు మరీ విచిత్రం చెల్లెమ్మా. ఖాళీ క్వార్టర్సులో కుర్చీ వేసుకుని పది నుంచి అయిదుదాకా కూర్చున్నాడు. పేపరు లేదు, ఫోను లేదు, నోట్లోంచి మాట లేదు. టీ తాగుదాం రావయ్యా అంటే చెయ్యి అడ్డంగా ఊపాడు. అయిదయ్యాక బయటికొచ్చి, గేటు దగ్గర పూలమొక్కలకి నీళ్ళు పోస్తున్నవాడి చెయ్యి పట్టుకుని నలభై నిమిషాలు మాట్లాడాడు. వాడికొక్క ముక్క తెలిస్తే ఒట్టు. ఏమిటయ్యా ఇదంతా అని అడిగితే, 'ఇవాళ నేను మా అత్తగారిని' అన్నాడు."

ఆమె చక్రం ఆపింది. చేతిలోని అద్దం అరిగి అరిగి బొత్తాం అంత మిగిలింది.

"నాలుగోరోజు?"

"ఆ రోజైనా ఫ్యాక్టరీకి వచ్చి హెడ్ కుర్చీ చూసుకోవయ్యా అన్నాను. 'చూస్తే కూర్చోవాలనిపిస్తుంది' అన్నాడు. రాలేదు. అది నా అద్దమేనా అమ్మా?"

ఆమె ఇంటికొచ్చేసరికి తాళం తీసిన వెనక గదిలోంచి ఆయన గొంతు వినిపిస్తోంది. "సార్, మేం రావడంలేదు... క్షమించాలి సార్, రావడానికి కుదరదు... సార్..." ప్రతిసారీ 'సార్' దాకా గట్టిగానే వస్తోంది. తర్వాతే గొంతు సన్నబడిపోతోంది. బీరువాకి ఎదురుగా నిలబడి, బీరువాకే చేతులు కట్టుకుని చెబుతున్నాడు.

ఆమె చెప్పాలనుకుని తయారుచేసుకున్న మాట పక్కన పెట్టేసింది. కుర్చీ లాక్కుని బీరువాకి ముందు కూర్చుంది.

"నేను మేనేజర్ని. చెప్పండి."

ఆయన తడబడ్డాడు. వెంటనే సర్దుకుని చొక్కా కిందికి లాక్కున్నాడు. "సార్, మేం రావడంలేదు."

"హెడ్ పోస్టు అక్కర్లేదా?"

"కావాలి సార్." చొక్కా మళ్ళీ కిందికి లాక్కున్నాడు. "చాలా కావాలి."

"మరింకేం?"

"మా ఇంట్లో నలుగురం సార్. నలుగురికీ వేసి చూశాను. నా ఒక్కడికే సరిపోయింది."

"ఇక్కడుండి ఏం చేస్తావయ్యా?"

"తెలీదు సార్. అది ఇంకా రిహార్సల్ చెయ్యలేదు."

ఆమె కళ్ళు తుడుచుకుంటే మేనేజరు ఏడుస్తున్నట్టుంటుందని ఊరుకుంది. అప్పటికే తలుపు దగ్గర అత్తగారు నిలబడి ఉంది. ఎప్పట్నుంచి వింటోందో తెలియదు. వెనకాల కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడింది.

"అయితే అల్లుడుగారూ, పొద్దుటి నుంచి సాయంత్రందాకా నేనై కూర్చున్నారా?"

"ఎవరు చెప్పారు?"

"దర్జీ ఆవిడ. ప్యాకింగాయన భార్య ఇందాకే ఆవిడ దగ్గర జాకెట్టు కుట్టించుకుంది."

"ఆవిడతో మాట్లాడారా?"

"నియమం ఇంకా ఉందా?"

"లేదండీ."

ఆవిడ ఆయన్ని కిందినుంచి పైదాకా పరకాయించి చూసింది. "కూర్చుని ఏం చేశారు?"

"ఏమీ చెయ్యలేదండీ. కిటికీలోంచి చూశాను."

"నడుం పట్టేసిందా?"

"నాలుగింటికి పట్టేసిందండీ. ఇంకా వదల్లేదు."

"ఎటువైపు?"

"ఎడమవైపు."

"నాది కుడివైపు" అంది ఆవిడ, వేషం కట్టడం రానివాణ్ణి చూసినట్టు చూసి. లోపలికి వెళ్ళి వేడినీళ్ళ సంచీ తెచ్చి, ఆయన ఎడమవైపునే పెట్టింది.