కనకరత్నానికి ఏటా తద్దినం

కనకరత్నం నోరంటే పెదపాడు చుట్టుపక్కల పాలవాళ్లకీ కూరగాయల వాళ్లకీ హడల్. పుచ్చు వంకాయ ఒక్కటి తగిలిందా, తెచ్చినవాడి ఏడు తరాలూ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడాల్సిందే. చేపల చెరువుల మధ్య సిస్టర్లు నడిపే ఇంట్లో ఇరవై ఏళ్ల పైనుంచీ వంట ఆవిడదే. పెళ్లికాకుండా కడుపు పండినవాళ్లు, మొగుడు కాదు పొమ్మన్నవాళ్లు కానుపు దాకా తలదాచుకునే చోటు అది. గేటు మీద మరియమాత బొమ్మే తప్ప బోర్డు లేదు. వచ్చిన పిల్లని సిస్టర్ లూర్దు ముందు అడిగేది "అన్నం తిన్నావా అమ్మా?" అనే. పేరూ ఊరూ ఆ తర్వాత. కులం, మతం ఆవిడకి అక్కర్లేదు. కనకరత్నాన్ని కూడా బొట్టు తీయమని ఏ సిస్టరూ ఎప్పుడూ అనలేదు.

ఆ రోజు ఆవిడ పులుసులోకి చింతపండు పిసుకుతోంది. పక్కన ఆఫీసు గదిలోంచి ఒక మగ గొంతు వినిపించింది.

"ఏవండీ సిస్టర్‌గారూ, విషయం బయటికి పొక్కకూడదండీ. గూడెంలో మాది పరువుగల కుటుంబమండీ."

చింతపండులో చెయ్యి అలాగే ఆగిపోయింది. ఆ గొంతు ఎన్నేళ్లయినా మరిచిపోతుందా! అన్నయ్య కృష్ణమూర్తి. తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల టోకు వ్యాపారి. కర్టెన్ పక్కకి జరిపి చూస్తే, అతని పక్కన ఇరవై ఏళ్ల పిల్ల ఒకతె చున్నీ పొట్ట మీదికి లాక్కుని కూర్చుంది. కూతురు సుష్మిత. అప్పుడు చెల్లెల్ని దాచిన చోటే ఇప్పుడు కూతుర్ని దాచడానికి పనికొచ్చింది. ఆ చెల్లెలు ఇంకా ఇక్కడే ఉందేమోనన్న అనుమానం కూడా రాలేదు ఆ మహానుభావుడికి. వస్తే గిస్తే చెల్లెలి గురించి ఒక్కసారైనా ఆరా తీసేవాడు కదా!

కనకరత్నం కథ కూడా ఇదే గదిలో మొదలైంది. అమ్మా నాన్నా పోయాక అన్నే పెంచాడు. పంతొమ్మిదేళ్లప్పుడు ట్రాన్స్‌పోర్టు ఆఫీసు గుమాస్తా ఒకడు పెళ్లి చేసుకుంటానని నమ్మించి, నెల తప్పగానే ఉడాయించాడు. వాడు పిరికి వెధవ, పారిపోయాడు, అంతటితో సరి. ఆవిడ కసి వాడి మీద కాదు. పురిటి మంచం దగ్గరికి వచ్చి, నెత్తి మీద చెయ్యి వేసి, "పిల్లని వీళ్లకి అప్పజెప్పి రా రత్నం. ఇల్లు నీదే" అన్న అన్న మీద. తొందరేం లేదు, సంతకం పెట్టాక కూడా మనసు మార్చుకోవడానికి రెండు నెలల గడువుంది, ఎవరి బలవంతమూ లేదని సిస్టర్లు చిలక్కి చెప్పినట్టు చెప్పారు. ఆవిడ అన్న మాటే నమ్మింది. పిల్లని అప్పజెప్పే కాగితం మీద సంతకం పెట్టింది. గడువు కూడా దాటిపోయాక బస్సెక్కి గూడెం వెళితే, గేటు దగ్గర కృష్ణమూర్తి అడ్డంగా నిలబడ్డాడు.

"ఎవరమ్మా మీరు? మా చెల్లెలు కాకినాడలో జ్వరమొచ్చి పోయిందండీ. గోదావరిలో అస్థికలు కూడా కలిపేశాం."

సొంత చెల్లెల్ని పట్టుకుని మీరు అన్నాడు! వదిన తలుపు వెనక నిలబడి చూసింది. కనకరత్నం తిరిగి సిస్టర్ల దగ్గరికే వచ్చేసరికి పాప ఎవరో దంపతుల ఇంటికి వెళ్లిపోయింది. మంచివాళ్లే, పాప క్షేమంగానే ఉంటుందని సిస్టర్లు అన్నారు. క్షేమంగానే ఉండి ఉంటుంది. కానీ తల్లి దగ్గర లేదు.

అప్పటినుంచీ రోట్లో పచ్చడి నూరినా, కత్తిపీట మీద కూర తరిగినా ఆవిడ చేతి కింద ఉండేది కృష్ణమూర్తే. సిస్టర్ లూర్దు ఎన్నోసార్లు చెప్పి చూసింది. "క్షమించేయమ్మా కనకం. ప్రభువు సిలువ మీదుండి కూడా క్షమించాడు కదా!"

"ఆయన దేవుడు కాబట్టి సరిపోయిందండీ సిస్టర్. నేను కృష్ణమూర్తి చెల్లెల్ని."

ఇప్పుడు ఆ కృష్ణమూర్తి పరువు తన గుప్పిట్లోకి వచ్చింది. ఒక్క ఫోను చాలు. గూడెం ఉల్లి మార్కెట్లో ఒక్క కొట్టుకి చేరవేస్తే మధ్యాహ్నం భోజనాల వేళకి లారీ డ్రైవర్లు కూడా చెప్పుకుంటారు. ఫోను చేతిలోకి తీసుకుంది కూడా. కిటికీలోంచి చూస్తే సుష్మిత పంపు దగ్గర వాంతి చేసుకుంటూ, వీపు నిమిరే దిక్కు లేక, గోడ పట్టుకుని నిలబడి ఉంది. ఈ దెబ్బ కృష్ణమూర్తికి తగిలేలోపు ఈ పిల్లకే ముందు తగులుతుంది. ఛీ, పాడు ఆలోచన అనుకుని ఫోను బియ్యం డబ్బా మీద పెట్టేసి, మంచినీళ్లు తీసుకుని బయటికి నడిచింది. వాడికి తగలాల్సింది వాడికే తగలాలి.

తను ఎవరన్నది మాత్రం చెప్పలేదు. ఇంట్లో పిల్లలందరిలాగే సుష్మిత కూడా ఆవిడని పెద్దమ్మగారూ అని పిలిచేది. "పెద్దమ్మగారూ, కాస్త మాగాయ ఉందాండీ?" అంటూ వంటింటి గుమ్మంలో చేరేది. కృష్ణమూర్తి కూతురికి మాగాయ ఏమిటి, మట్టి పెట్టాలి అనుకుంటూనే కనకరత్నం ముద్ద కలిపి చేతిలో పెట్టేది.

ఒక పొద్దున్న ఇద్దరూ చిక్కుడుకాయలు వలుస్తున్నారు. మాటల్లో సుష్మిత అంది, "మా నాన్నగారికి ఏడుపు రాదండీ. మా రత్నం అత్త తద్దినం నాడు తప్ప."

కనకరత్నం వలవని కాయ గింజల్లో వేసేసింది. "ఎవరి తద్దినం?"

"మా మేనత్తండీ. నేను పుట్టకముందే పోయిందిట. ఏటా పెడతారండీ. శాస్త్రిగారొస్తారు, చుట్టాలొస్తారు, మార్కెట్ పెద్దలందరూ వస్తారు. పెరటి గోడ మీద పిండం పెడితే కాకి వచ్చి ముట్టేదాకా ఎవ్వరూ మెతుకు ముట్టకూడదు. అప్పుడు నాన్నగారు కండువాతో కళ్లొత్తుకుంటారు. చెల్లెలంటే ఎంత ప్రేమండీ అంటారు అందరూ."

కనకరత్నానికి ముందు నవ్వొచ్చింది. పొట్ట పట్టుకుని నవ్వింది. తర్వాత ఒళ్లంతా భగ్గుమంది. ఓరి నీ దుంపతెగ! ఒకసారి చంపితే చాలక ఏటా చంపుతున్నావురా? పెళ్లికాని చెల్లెలికి ఏటేటా తద్దినం పెట్టమని ఏ శాస్త్రం చెప్పిందో గానీ, అబద్ధం వాడిపోకుండా ఏడాదికోసారి నీళ్లు పోస్తున్నాడు. పైగా దాని మీద మంచి పేరొకటి! ఆ రోజు పులుసులో ఉప్పు రెండుసార్లు పడింది.

సుష్మితకి ఆడపిల్ల పుట్టింది. పాపని ఒక్క క్షణం కింద పెట్టేది కాదు. ఎలా పెంచుకోవాలో, ఏం పని దొరుకుతుందో సిస్టర్ లూర్దుని అడగడం కూడా మొదలెట్టింది. పదిహేను రోజులయ్యాక కృష్ణమూర్తి కారేసుకుని వచ్చాడు. పాప వంక చూడలేదు. కూతురి నెత్తి మీద చెయ్యి వేశాడు. తలుపు అవతల నిలబడ్డ కనకరత్నానికి ప్రతి మాటా వినపడింది.

"పిల్లని వీళ్లకి అప్పజెప్పి రా తల్లీ. ఇల్లు నీదే. కాదని దాన్ని చంకనేసుకుని వచ్చావో, మీ అత్త పక్కన నీకూ ఒక పిండం పెట్టేస్తాను. నా సంగతి నీకు తెలీదు."

కారు వెళ్లిపోయాక సుష్మిత వెక్కి వెక్కి ఏడ్చింది. "సంతకం పెట్టేస్తానండీ పెద్దమ్మగారూ. అమ్మనీ ఇంటినీ వదులుకుని నేను బతకలేనండీ."

"నేనూ ఆ మాటే నమ్మి సంతకం పెట్టానే పిచ్చిదానా! పిల్లా పోయింది, ఇల్లూ పోయింది. మీ నాన్న ఏటా పిండం పెట్టే రత్నాన్ని నేనే." కనకరత్నం ఆ పిల్ల కళ్లు తన కొంగుతో తుడిచింది. "నా తద్దినం ఎప్పుడో చెప్పు. అప్పటిదాకా కలం ముట్టుకోకు."

వచ్చే మంగళవారమేనని తేలింది. ఆ పొద్దున్న ఆవిడ ఆకుపచ్చ చీర కట్టి, ఇంత బొట్టు పెట్టి, తల్లో కనకాంబరాలు తురుముకుంది. తన తద్దినానికి తనే వెళ్తోంది, ఆ మాత్రం ముస్తాబవ్వద్దూ! గొడవలు పెట్టుకోకమ్మా అని సిస్టర్ లూర్దు గేటు దాకా వెంటబడింది. "గొడవేం లేదండీ. భోజనానికి వెళ్తున్నానంతే" అని ఆటో ఎక్కేసింది.

ఏలూరులో బస్సు పట్టుకుని గూడెంలో దిగేసరికి పన్నెండు కావస్తోంది. ఇంటి పక్క సందులోంచి పెరట్లోకి నడిచింది. శాస్త్రిగారు, చుట్టాలు, మార్కెట్ పెద్దలు అందరూ గోడకేసి చూస్తూ నిలబడ్డారు. గోడ మీద ఆకులో పిండం ఉంది. కృష్ణమూర్తి దర్భ ఉంగరంతో చేతులు జోడించి, "రా అమ్మా రత్నం, తిని వెళ్లమ్మా" అంటున్నాడు.

"వచ్చాను అన్నయ్యా" అంది కనకరత్నం.

జనాన్ని తోసుకుంటూ వెళ్లి ఆకు అందుకుంది. పిండంలోంచి ముద్ద తీసి నోట్లో పెట్టుకుంది. "కాకి కోసం ఎండలో మీరంతా ఎందుకండీ నిలబడటం? నా పేరున వండింది నేనే తింటాను. నువ్వులు కాస్త ఎక్కువయ్యాయి."

ఎవరో ఆడమనిషి కెవ్వుమంది. శాస్త్రిగారు రెండడుగులు వెనక్కి వేశారు. ముసలి చుట్టం ఒకాయన కళ్లజోడు సవరించుకుని, "ఇది మన రత్నమేనండీ! గడ్డం మీద పుట్టుమచ్చ చూడండి!" అని అరిచాడు.

"బతికున్న మనిషికి ఇన్నేళ్లు నా చేత పిండాలు పెట్టించారా కృష్ణమూర్తిగారూ?" అన్నారు శాస్త్రిగారు. మార్కెట్ పెద్దలు మొహమొహాలు చూసుకున్నారు. ఏవండీ, మరి ఆ జ్వరం? ఏవండీ, మరి ఆ అస్థికలు? ఒకరి తర్వాత ఒకరు అడుగుతూనే ఉన్నారు. కృష్ణమూర్తి కండువాతో మొహం తుడుచుకున్నాడు. వదిన మాత్రం లోపలికి వెళ్లి విస్తరి తెచ్చి నేల మీద వేసి, గారెలు వడ్డించి, మొగుడి వైపు చూడకుండా "కూర్చో రత్నం" అంది.

కనకరత్నం కూర్చుంది. సుష్మిత పేరు ఒక్కసారి కూడా పైకి ఎత్తలేదు. సిస్టర్ల ఇంటి మాట బయటికి రాకూడదు. అన్నని వేలితో దగ్గరికి పిలిచింది. అతను వంగితే చెవిలో మెల్లగా చెప్పింది. "నా పిల్లని నువ్వు తెచ్చివ్వలేవు. సిస్టర్ల ఇంట్లో నీ కూతురికి వండి పెట్టేది నేనే. దాని పిల్ల దాని దగ్గరే ఉండాలి. ఇకమీదట నువ్వు ఎవరు చచ్చిపోయారని చెప్పినా గూడెంలో నమ్మే నాథుడు లేడు. ఏం చేసుకుంటావో చేసుకో."

చుట్టూ ఉన్నవాళ్లంతా చూస్తున్నారు. కృష్ణమూర్తి నేల చూపులు చూస్తూ గొణిగాడు. "కారు పంపిస్తాలే, ఇద్దర్నీ ఎక్కించి పంపు."

"పంపడం కుదరదు. నువ్వే రావాలి. వచ్చి, అక్కడున్న ఆడపిల్లలందరి ముందూ నీ మనవరాల్ని ఎత్తుకోవాలి" అంది కనకరత్నం, రెండో గారె తుంచుకుంటూ.