పిండిమరకు బిగించిన గార్డు

1998లో రాజమండ్రి దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో మెకానికల్ పాఠాలు చెప్పేవాణ్ణి. అప్పుడు అందరికీ కంప్యూటర్ పిచ్చి. మా పిల్లలు కూడా ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు అంటే తెర మీద రంగు బొమ్మలు చూపించాలనుకునేవారు. గ్రేస్ అనే అమ్మాయి మాత్రం పిండిమరకు గార్డు చేస్తానంది.

ద్రాక్షారామం దగ్గర పల్లెలో వాళ్లమ్మ మార్తమ్మగారు పిండిమర నడిపేవారు. మోటారు చక్రం నుంచి మర చక్రానికి వెడల్పాటి బెల్టు తిరుగుతూ ఉంటుంది. అంతకు ముందు ఏడాది ఆవిడ చీర చెంగు ఆ బెల్టులో పడింది. పక్కనున్నవాళ్లు స్విచ్చు కట్టేశారు కాబట్టి బతికారు. భుజం మీద మచ్చ మిగిలిపోయింది. అలాంటి బెల్టుకు అడ్డంగా బిగించే ఇనప జాలీనే గార్డు అంటాం.

మా హెచ్.ఓ.డి. గారు పెదవి విరిచారు. "ఇది వెల్డింగు షాపు పని. దీనికి ప్రాజెక్టు మార్కులేంటండి?"

"మనిషి ప్రాణం కాపాడితే మార్కులు వెయ్యకూడదని ఏ సిలబస్‌లో ఉందండి?" అన్నాను. నాకు కోపం వస్తే నోరు ఆగదు. ఆయన ఒప్పుకున్నారు గాని, ఆ అమ్మాయి వైవాలో తప్పితే జవాబు నేనే చెప్పుకోవాలన్నారు.

గ్రేస్ వర్క్‌షాపులో తన చేత్తోనే గార్డు వెల్డింగ్ చేసి, ఊరు తీసుకెళ్లి బిగించి వచ్చింది. తరవాత సెలవుకు వెళ్లి చూస్తే అది గోడకు ఆనించి ఉంది. తిరిగొచ్చి నా గదిలో ఏడ్చేసింది.

"మా అమ్మకే అక్కర్లేకపోతే ఇంకెవరికి సార్?"

"ఏడిస్తే బెల్టు ఆగదు. పద, చూద్దాం" అన్నాను.

మార్తమ్మగారు మర ఆపకుండానే మాట్లాడారు. "బరువు పడేసరికి బెల్టు జారిపోద్దండి మాస్టారూ. జారినప్పుడల్లా పట్టు కోసం చెయ్యి పెట్టి దానికి జిగురు పొడి కొట్టాలి. జనం గిన్నెలట్టుకుని నిలబడితే, నేను గార్డు నట్లు విప్పుకుంటా కూర్చోమంటారా?"

"చెయ్యి పోతేనో?" అంది గ్రేస్.

"మర ఆగితే జనం పక్కూరు పోతారే. అప్పుడు చెయ్యుండి ఏం చేసుకోను?"

గ్రేస్ ఓ మూల బియ్యం బస్తా మీద కూర్చుని, కళ్లు తుడుచుకుని బెల్టునే చూసింది. తరవాత లేచి మోటారు కింద వంగి చూసి వచ్చింది.

"సార్, బెల్టు సాగిపోయింది. బిగిద్దామంటే మోటారు సిమెంటు దిమ్మలో పాతేసి ఉంది, జరగదు. అమ్మ తప్పేం లేదు. నేను అడ్డం పెట్టాను గాని, అమ్మకు చెయ్యి పెట్టే అవసరం తప్పించలేదు."

నాకు ఎంత సంతోషమేసిందో! నాలుగేళ్ల చదువు ఆ పిల్లకు అక్కడ పనికొచ్చింది.

మోటారు కింద స్లయిడ్ రైల్స్ వేసింది. అవి గాడి ఉన్న రెండు ఇనప పట్టాలు. బోల్టు తిప్పితే మోటారు వెనక్కి జరిగి బెల్టు బిగుస్తుంది. ఆ బోల్టు తలను గార్డు బయటకు తెచ్చి, మొదటిసారి వాళ్లమ్మ చేతే తిప్పించింది. ఆ తరవాత గార్డును మళ్లీ బిగించింది.

వైవాకు బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ అడిగారు. "ఇందులో కొత్తదనం ఏముందమ్మా?"

మా హెచ్.ఓ.డి. గారు నా వైపు చూశారు. గ్రేస్ తడబడలేదు. ఊళ్లో తీయించిన ఫొటో ఒకటి ఆయన ముందు పెట్టింది.

"కొత్తదేం లేదండి. గార్డు నట్ల మీద పిండి ఎంత మందంగా పేరుకుందో చూడండి. రెండోసారి బిగించిన దగ్గర్నుంచి ఎవరూ విప్పలేదండి."

ఆయన ఫొటో చూసి, ఇంకేమీ అడగకుండా మార్కులు వేశారు.

వాడేవాళ్లు తీసి పక్కన పెట్టారంటే మన డిజైన్ ఇంకా పూర్తికాలేదని అర్థం. ఇది నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. అప్పటి నుంచి నా విద్యార్థులు ఎక్కడ ఏం బిగించినా, కొన్నాళ్లు ఆగి నేనే వెళ్లి చూసేవాణ్ణి. నట్ల మీద దుమ్ముంటేనే ప్రాజెక్టు మీద సంతకం పెట్టేవాణ్ణి.