నా బండి సీటుకి రెండు కొలతలు

ఆ రోజు రేపల్లె నుంచి తెనాలి వస్తున్నాను. భట్టిప్రోలు దాటాక రైల్వే గేటు పడింది. బండి ఆపి, కాస్త నడుము సాగదీద్దామని లేవబోతే వెన్ను చివర, సరిగ్గా కూర్చునే చోట, మేకు దిగినట్టయింది. గేటు ఎత్తారు. వెనక లారీవాడు హారన్ మీద హారన్ కొడుతున్నాడు. మళ్లీ సీటు మీద కూర్చునే ధైర్యం లేక అర కిలోమీటరు బండిని నడిపించుకుంటూ వెళ్లాను. ఎవరైనా అడిగితే పంక్చరని చెబుదామనుకున్నాను. ఎవరూ అడగలేదు.

నేను మెడికల్ రిప్రజెంటేటివ్‌ని. అప్పటికి సెల్‌ఫోన్లు ఇంకా అందరి చేతుల్లోకీ రాలేదు. తెనాలిలో మేడ మీద ఒక గదిలో ఒక్కణ్ణే ఉండేవాణ్ణి. నా భార్య సునీతకి పార్వతీపురం దగ్గర టీచరుద్యోగం. పెళ్లయ్యాక మేం కలిసి ఉన్నదంతా సెలవుల్లోనే. సోమవారం రేపల్లె, మంగళవారం నిజాంపట్నం వైపు, తర్వాత రెండు రోజులు బాపట్ల, చీరాల. బండి మీద కూర్చోగలిగినన్నాళ్లే నాకు ఉద్యోగం.

చెప్పుకోలేని చోట దెబ్బ అని ఊరికే అనలేదు పెద్దలు. మొదట వేడి చేసిందనుకున్నాను. సబ్జా గింజలు, బార్లీ నీళ్లు, చెంబుల కొద్దీ మజ్జిగ అయ్యాయి. తగ్గలేదు. మొలలేమోనని భయం పట్టుకుంది. చుట్టుపక్కల డాక్టర్లందరికీ నా పేరు తెలుసు, చిక్కంతా అక్కడే వచ్చింది. రేపు టై కట్టుకుని మందు గురించి చెప్పాల్సిన మనిషి ముందు ఇవాళ బోర్లా పడుకుని చూపించుకోవాలంటే నాకు ప్రాణం పోయినంత పనైంది.

పైగా నొప్పి బిళ్లలు నా బ్యాగులోనే ఉన్నాయి, శాంపుల్స్. "భోజనం తర్వాత వాడాలి సార్, వారానికి మించి వద్దు సార్" అని రోజుకి పదిమంది డాక్టర్లకి అప్పజెప్పేది నేనే. అదే నోట్లో పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి వేసుకున్నాను. చాలాసార్లు కడుపులో ఏమీ లేకుండానే వేసుకున్నాను. అలా ఎనిమిది నెలలు గడిచాయి.

ఆ ఎనిమిది నెలలూ దాదాపు నిలబడే బతికాను. క్లినిక్కుల్లో పేషెంట్లు అయిపోయేదాకా రిప్రజెంటేటివ్‌లందరం బెంచీ మీద కూర్చుని ఎదురు చూస్తాం. నేను గోడకి ఆనుకుని నిలబడేవాణ్ణి. "అదుగోరా, మన ధ్వజస్తంభం వచ్చాడు" అని మావాళ్లు ఏడిపించేవాళ్లు. నేనూ నవ్వేవాణ్ణి. ఇడ్లీ నిలబడి తినేవాణ్ణి. సాయంత్రం ఏడింటికి ఎస్టీడీ బూత్‌కి వెళ్లి, సునీత ఉండే ఇంటి ఓనరు గారి నంబరుకి చేసేవాణ్ణి. బూత్‌లో అందరూ నిలబడే మాట్లాడతారు కాబట్టి ఆ చోటంటే నాకు ఇష్టంగా ఉండేది.

"తిన్నారా?" అనేది సునీత.

"తిన్నాను."

"ఒంట్లో బాగుందా? గొంతు అదోలా ఉందేంటి?"

"బాగానే ఉందిలే. ఎండన పడి వచ్చాను, అంతే."

సెలవులకి కలిసినప్పుడూ ప్రయాణాల బడలికేనని దాటేసేవాణ్ణి. ఫోన్ పెట్టేశాక గదికొచ్చి బోర్లా పడుకునేవాణ్ణి. ఫ్యాను చప్పుడు తప్ప మరో చప్పుడుండేది కాదు. చాలా ఒంటరిగా అనిపించేది. ఎవరూ లేక కాదు, ఉన్నవాళ్లకి చెప్పక.

ఒకరోజు బాపట్లలో విరేచనం నల్లగా తారులా అయింది. అంటే కడుపులో రక్తం కారుతోందని నాకు తెలుసు, ఆ హెచ్చరిక మా కంపెనీ కాగితాల మీద అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. కళ్లు తిరుగుతుంటే ఆ రోజు నేను కలవాల్సిన ఎముకల డాక్టరు గారి క్లినిక్‌కే వెళ్లి, కౌంటర్లో ఓపీ చీటీ తీసుకుని, పేషెంట్ల వరసలో నిలబడ్డాను. బెంచీ మీది మావాళ్లు నవ్వబోయి ఆగిపోయారు.

డాక్టరు గారు తలెత్తారు. "ఏంటయ్యా మూర్తీ, అప్పుడే వచ్చేశావ్? ఇవాళ ఏ ప్రోడక్టు?"

"ఇవాళ ప్రోడక్టు లేదండి. చీటీ తీసుకున్నాను."

ఆయన పెన్ను పక్కన పెట్టారు. "కూర్చో."

"కూర్చోలేనండి."

ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.

ఎండోస్కోపీకి పంపిస్తే అల్సర్ అని తేలింది. ఎక్స్‌రే నిలబెట్టి ఒకటి, కూర్చోబెట్టి ఒకటి తీశారు. కూర్చున్నప్పుడు వెన్ను చివరి ఎముక, కాక్సిక్స్, లోపలికి ఒంగిపోతోంది. "దీన్ని కాక్సిడీనియా అంటారు. మొలలూ కాదు, వేడీ కాదు. ఈ రోడ్ల మీద, ఆ చెక్కలాంటి సీటు మీద రోజూ గుద్దించుకుంటే ఏమవుద్ది?" అన్నారు డాక్టరు గారు. బిళ్లల సంగతి చెబితే ఆయన ముఖం ఎర్రబడింది. "వారానికి మించి వద్దని నాకు చెప్పింది నువ్వే కదయ్యా!"

"అది పేషెంట్లకి కదండీ" అన్నాను. ఆయన నవ్వలేదు.

బిళ్లలు ఆపించి అల్సర్‌కి మందులిచ్చారు. గోరువెచ్చటి నీళ్ల టబ్‌లో కూర్చోమన్నారు, వెనక కోత పెట్టిన దిండు రాశారు. ఎముక దగ్గర ఒక ఇంజెక్షన్ చేశారు. ఆరు వారాలు బండి ముట్టుకోవద్దన్నారు. ఆ ఆరు వారాలూ బస్సుల్లో నిలబడి తిరిగాను. నొప్పి తగ్గింది. మళ్లీ బండెక్కిన నెలకే తిరిగొచ్చింది.

"మందుతో అయ్యేది సగమే" అన్నారు డాక్టరు గారు. "ఎముక తగిలే చోట ఖాళీ ఉండేట్టు సీటు కుట్టించుకో. అప్పటికీ తగ్గకపోతే బండి మానెయ్యాలి, లేదా ఆపరేషన్ చేసి ఆ ఎముక తీసెయ్యాలి. ఆలోచించుకో."

తెనాలిలో వెంకటేశ్వర్లు గారని, సీట్లు కుట్టే పెద్దాయన ఉండేవారు. ఆయన తడి ఇసుక నింపిన రెగ్జిన్ సంచిని బండి మీద పెట్టి, దాని మీద కూర్చోమనేవారు. పడిన గుంటని బట్టి ఫోమ్ కోసేవారు. నేను "నడుము కొంచెం పట్టేస్తోంది బాబాయ్" అన్నాను గానీ అసలు చోటు చెప్పలేదు. ఫోటోకి కూర్చున్నట్టు పంటి బిగువున నిటారుగా కూర్చున్నాను. గుంట చక్కగా నడిమధ్యన పడింది. ఆ కొలతకే వెనక ఖాళీ వదిలి సీటు కుట్టారు.

రెండు వారాల్లో నొప్పి రెట్టింపైంది. అంటే ఇక ఆపరేషనే. ఆ కోపమంతా పెద్దాయన మీదికి వెళ్లింది. "మీ సీటు నన్ను చంపేస్తోంది బాబాయ్!"

ఆయన సీటు ఊడదీసి వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశారు. ఎడమ పక్క రెగ్జిన్ నలిగిపోయి ఉంది, కుడి పక్క కొత్తగానే ఉంది. సీటు మళ్లీ బిగిస్తూ అన్నారు: "ఆ రోజు ఇసుక మీద కూర్చున్న మనిషీ, దీని మీద తిరిగిన మనిషీ ఒకళ్లు కాదు బాబూ. నా దగ్గర కూడా దాస్తే ఎట్టాగండి? కొలకలూరు దాకా వెళ్లి రండి. రాగానే ఇసుక సంచి బండి మీద వేస్తాను, దిగీ దిగగానే దాని మీద కూలబడండి. ఏమీ ఆలోచించొద్దు."

వెళ్లొచ్చి అలాగే కూలబడ్డాను. లేచి చూస్తే ఎడమ తొడ కింద లోతుగా ఒకే ఒక్క గుంట ఉంది. కుడి వైపు ఇసుక చెదరనైనా లేదు. నొప్పి తప్పించుకోడానికి నాకు తెలియకుండానే ఎడమకి ఒరిగి కూర్చుంటున్నాను, నడిమధ్యన వదిలిన ఖాళీ నా ఎముక కిందకి రావడమే లేదు.

"ఎన్నాళ్లబట్టీ ఇట్టా?" అన్నారాయన.

"ఏడాది దాటిందండి."

"ఇంట్లో ఎవరూ చూడలా?"

జవాబు చెప్పబోయి ఏడ్చేశాను, నడిబజారులో, ముప్ఫై రెండేళ్లవాణ్ణి. ఆయన ఎదురు కొట్టు నుంచి టీ తెప్పించి, అది తాగేదాకా నా వైపు చూడకుండా ఫోమ్ కోసుకుంటూ కూర్చున్నారు.

ఆ సాయంత్రం సునీతకి అంతా చెప్పాను, బిళ్లలూ, అల్సరూ, ఇంజెక్షనూ.

"రోజూ మాట్లాడుకున్నాం కదండీ" అంది సునీత. "మరి ఏడాదిగా నేను మాట్లాడింది ఎవరితో?"



రెండో సీటు ఒక్కసారితో కుదరలేదు. మూడు నెలల్లో మూడుసార్లు విప్పి, ఎడమ పక్క కొంచెం కొంచెం ఎత్తు చేస్తూ నన్ను మధ్యకి తెచ్చారు పెద్దాయన. ఆపరేషన్ తప్పింది. ఇప్పుడు బెంచీ మీద అందరితోపాటు కూర్చుంటున్నాను, గంట దాటితే లేస్తాను. చలికాలంలో, గతుకుల రోడ్డు మీద నొప్పి వస్తూనే ఉంటుంది. సునీతకి బదిలీ ఇంకా రాలేదు.

బండి మీద బతికేవాళ్లకి ఒక్క మాట. సీటు కుట్టించుకోండి, కానీ పొద్దున్నే స్నానం చేసి, తాజాగా వెళ్లి కొలత ఇవ్వకండి. రోజంతా తిరిగి, ఒళ్లు హూనమయ్యాక వెళ్లండి. సర్దుకుని కూర్చోకండి, రోజూ ఎలా కూర్చుంటారో అలాగే కూర్చోండి.

ఇవాళ నాకు కొంచెం నొప్పిగానే ఉంది. పొద్దున్నే ఫోన్ చేసి సునీతకి చెప్పాను.