తూముకాడ పిలిచిన పేర్లు

మొగని పేరు నోట్లెకెల్లి తీయనిది వంతులేం పిలుస్తదని నవ్వినోళ్ళు మా ఊర్లె ఇంకా ఉన్నరు. ఎదురువడితే ఇప్పుడు వాళ్ళే ముందుగాల పలుకరిస్తరు. గొప్పలు చెప్పుకుంటున్నదంటే అనుండ్రి, చెప్పుకుంట. ఎందుకు చెప్పుకోవద్దు?

మా ఊరు కోరుట్లకు, మెట్‌పల్లికి నడుమ ఉంటది. మా ఆయన నీరటికాడు. చెరువు తూము తీసుడు, పొలాలకు వంతు ప్రకారం నీళ్ళు పారిచ్చుడు ఆయన పని. వానల్లేక పంటలు ఎండుకుంట పోతే మస్కట్‌కు పోయిండు. మా మరిది అంతకు ముందే సిరిసిల్లకు పోయి బట్ట నేసే సాంచెలు నడుపుతున్నడు. ఇంట్ల మిగిలింది నేను, మా అత్త, ఆయన పార. తూము పని నేను చేస్తనన్న. ఇంకో మొగోడు దొరికేదాంక చెయ్యుమన్నరు ఊరోళ్ళు. దొరుకనీకి ఊర్లె మొగోళ్ళు యాడున్నరు? సగం మంది గల్ఫ్‌లనే ఉండిరి.

తూము దిగుడు నాకేం కష్టం గాలె. కష్టమంత పిలుపుకాడనే. నీళ్ళు తక్కువున్న యేడు మా చెరువు కింద ఒక కట్టుబాటు ఉండె. వంతులు వెట్టే రోజు పొద్దుగాల నీరటికాడు తూముకాడ నిలవడి పొలమున్నాయన పేరు పిలువాలె. ఆయన ఆడుండి "ఉన్న" అనాలె. పలుకకపోతే వంతు దాటిపోయినట్టే. పొలాలన్ని మొగోళ్ళ పేరు మీదనే ఉండె గదా, మొగడు దుబాయ్‌ల ఉంటే పెండ్లాం కట్ట మీద నిలవడి ఎంత మొత్తుకున్నా లెక్కల రాకపోయేది. పోయిన యాసంగి పంటకు మా పక్క పొలమామెకు గట్లనే నీళ్ళు రాలె. ఎండిన వరిని బర్లకు ఇడిసిపెట్టి, సిరిసిల్లల నూలు కండెలు చుట్ట పోయింది. అప్పుడు వంతులు పిలిచింది మా ఆయనే. "కట్టుబాటు గట్లున్నది, నేనేం జేయాలె" అన్నడు. నాకు ఒళ్ళు మండి ఆయనతోని మాట్లాడుడు బందు వెట్టిన.

ఈసారి మాకే వచ్చింది ఆపతి. పొలం ఆయన పేరు మీద, ఆయనేమో మస్కట్‌ల. వరి పొట్టకొచ్చింది. చెరువుల ఒక్క తడికే నీళ్ళున్నయ్. గా తడి దొరికితే గింజ, లేకుంటే గడ్డి. మా పొలం ఎండిందంటే అత్తను పట్టుకొని నేను గూడ ఊరిడవాల్సిందే.

ఆ రోజు కట్ట నిండ మంది. మొదటి వంతు ఊరి పెద్దమనిషిది. వరుసకు నాకు మామైతడు.

"ఏం కోడలా, సొంత మొగని పేరే తీయవు. మామల పేర్లు, బావల పేర్లు ఎట్ల తీస్తవ్? తప్పుకో, నేను పిలుస్త" అన్నడు.

మొగోళ్ళంత కిసకిస నవ్విండ్రు. నిజమే, నాకు నోరు రాలె. గని ఆయన పిలిస్తే మొగోళ్ళ పేర్లే పిలుస్తడు, మా పొలం ముచ్చట అక్కడ్నే ఒడుస్తది. నవ్వుడు ఇన్నకొద్ది నాకు కాలింది. మీ పేర్లు నాకెందుకురా అనుకున్న. గొంతెత్తి ఆయన పెండ్లాం పేరు పిలిచిన.

అత్తవరుస ఆమె పేరు తీసుడు గూడ మర్యాద గాదు. అయినా పిలిచిన. ఆ పొలంల నాటేసింది, కలుపు తీసింది ఆమెనే.

ఎవ్వలు పలుకలె. ఆమె ఇంటికాడ పొయ్యి ముందట ఉన్నది.

"నేనున్న గదనే!" అని మామ ఎగిరిండు.

"పిలిచినోళ్ళే పలుకాలె మామా. కట్టుబాటు నాది గాదు, మీదే" అన్న.

ఇంకో పేరు పిలిచిన. ఆమె మొగడు దుబాయ్‌ల ఉంటడు. కట్ట దిగువ నిలవడ్డది గబగబ కట్టెక్కింది. ఇగ "ఉన్నా!" అని అరిసింది సూడుండ్రి, చెరువవతలికి ఇనవడ్డది.

ఇగ చూడాలె తమాష! తూము తీసేది నేనే గదా, మొగోళ్ళు లుంగీలు ఎగ్గట్టి, పెండ్లాలను తోలుకరానీకి ఊర్లెకు ఉరికిండ్రు. ఒకామె పిండి చేతులతోని వచ్చింది, ఒకామె బీడీల చాట సంకల వెట్టుకొనే వచ్చింది. పిలిచిన కొద్ది పలికిండ్రు. మా అత్తవరుసామె గూడ రొప్పుకుంట వచ్చి, "మళ్ళొక్కసారి పిలువే బిడ్డా" అన్నది. వంతు దాటిందనొచ్చు, ఇన్నేండ్లు మమ్ములనన్నట్టే. అనలె. మా పొలం కంటె ముందుగాలనే పిలిచిన. మామ మొకంల మొకం వెట్టి "ఉన్న" అన్నది మహాతల్లి.

ఇగ మిగిలింది మా పొలం. అందరు నా నోటి దిక్కే చూస్తున్నరు, మొగని పేరు తీస్తదా లేదా అని.

నా పేరు నేను పిలిచిన.

పెండ్లై వచ్చినకాడికెల్లి ఆ పేరుతోని ఈ ఊర్లె నన్నెవ్వలు పిలువలె. కోడలా, వదినా, నీరటోని పెండ్లామా, గంతే. నా చెవులకే కొత్తగ ఇనవడ్డది.

మామ అటిటు చూసిండు. "గామె ఎవలు? ఎవలింటామె?" అని అడిగిండు.

"నేనే మామా" అన్న. "ఉన్న."

కొంగు నడుముకు చెక్కి తూముల దిగిన.